సీసం పాత్రకి కాపలా పెట్టె

ఉప్పాడ అనగానే చీరలు తెలిసినవాళ్ళకి జమ్‌దానీ గుర్తొస్తుంది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వార్తలు చూసేవాళ్ళకి తుఫానొచ్చినప్పుడల్లా కోసుకుపోయే కాకినాడ బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. మా అమ్మ పుట్టిల్లు అక్కడే, మావయ్యది వేట. అందుకని నాకు ముందు గుర్తొచ్చేది వల.

వల నీళ్ళలో నిలువుగా నిలబడాలంటే పైతాడుకి బెండ్లు, కిందితాడుకి బరువులు ఉండాలి. ఆ బరువులే సీసం గుళ్ళు. విసురు వలకైతే అంచు చుట్టూ గొలుసులాగా ఉంటాయి. రాళ్ళకి పట్టి కొన్ని తెగిపోతాయి, ఇసకలో కొన్ని పోతాయి, వల చిరిగిపోయాక కొన్ని మిగులుతాయి. మిగిలినవాటిని కరిగించి మళ్ళీ అచ్చులో పోసుకుంటారు. మావయ్య ఈ పని పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద, ఇనుప మూకుడులో చేసేవాడు. కొబ్బరి డొక్కలు మండుతున్నంతసేపూ వేడి ఎంతో ఎవరికీ తెలీదు. అదే పెరట్లో పిల్లలు ఆడతారు, అత్త అక్కడే కూర్చుని వల బాగుచేస్తుంది.

సీసం 327.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 1749 దగ్గర మరుగుతుంది. "మరి మరగనంత దూరంలో ఉన్నప్పుడు పొగ ఎక్కడిది?" అని అడగొచ్చు. మరగకపోయినా వేడి పెరిగేకొద్దీ ఆవిరి పెరుగుతుంది. 500 డిగ్రీల దరిదాపులకి వస్తే అది లెక్కలోకి తీసుకోవాల్సినంత అవుతుంది. దానికన్నా ముందు ప్రమాదం పైన కట్టే బూడిద రంగు తెట్టు. అది సీసపు ఆక్సైడు. వేడి ఎక్కువయ్యేకొద్దీ తెట్టు ఎక్కువ, తెట్టు గీకితే దుమ్ము, దుమ్ము చేతికి, చెయ్యి నోటికి. పిల్లల ఒంట్లోకి ఇంతవరకు సీసం వెళ్ళినా ఫరవాలేదు అని చెప్పగలిగే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. బ్రిటన్‌లో గాలపు తాళ్ళకి కట్టే చిన్న సీసం బరువుల్ని 1987లోనే నిషేధించారు, హంసలు మింగి చచ్చిపోతున్నాయని. మనదగ్గర వలలకి ఇంకా సీసమే. మానెయ్యమని చెప్పడానికి నేనెవర్ని? కరిగించే పద్ధతి మార్చగలను, అంతే.

అచ్చులో ముడతలు పడకుండా నిండాలంటే 370-380 డిగ్రీలు చాలు. అంటే మనకి కావలసింది 380కి చేరి అక్కడే ఆగే పాత్ర. దానికి ఉష్ణోగ్రత కంట్రోలర్ ఎలా కలపాలన్నదే ఈ వ్యాసం. ట్రిపుల్ ఈ వాళ్ళు "ఇదేముంది, నాలుగు వైర్లు" అంటారని తెలుసు. నాలుగు వైర్లే. కానీ ప్రతి వైరు దగ్గరా ఒక ప్రశ్న అడగాలి: ఇది ఊడితే పాత్ర చల్లారుతుందా, ఎర్రబడుతుందా?

ముందు పాత్ర సంగతి. మూడంగుళాల ఇనుప గొట్టం ముక్కకి అడుగున మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయించాం. గాల్వనైజ్డ్ గొట్టం వద్దు, జింకు సీసంలో కలిసి పాడుచేస్తుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు. పట్టు తప్పి వేడి పెరిగితే గిన్నే మెత్తబడుతుంది. గొట్టం చుట్టూ 600 వాట్ల సిరామిక్ బ్యాండ్ హీటరు. ప్లాస్టిక్ మోల్డింగ్ మెషిన్ల బ్యారెళ్ళకి బిగించేది ఇదే. మైకా రకం కొంచెం చవక, కానీ ఈ వేడికి ఎక్కువ రోజులు ఆగదు. 230 వోల్టుల మీద 600 వాట్లంటే 2.6 ఆంపియర్లు, మల్టీమీటరు పెడితే 88 ఓముల దగ్గర చూపించాలి.

మూడు కేజీల సీసం చూడ్డానికి ఎంతుంటుందో ఊహించండి. సాంద్రత 11.34 కాబట్టి 265 ఘనపు సెంటీమీటర్లు. రెండు టీ గ్లాసులు కూడా నిండవు! దాన్ని 30 నుంచి 327కి తేవడానికి దాదాపు 116 కిలోజౌళ్ళు, కరిగించడానికి ఇంకో 69, అక్కణ్ణించి 380కి 22. మొత్తం రెండొందల ఏడు. 600 వాట్లతో ఆరు నిమిషాల్లో అయిపోవాలి కదా? అవదు. రెండు కేజీల ఇనుప పాత్ర తనే 340 కిలోజౌళ్ళు తాగుతుంది. సీసం కంటే గిన్నె వేడెక్కడానికే ఎక్కువ ఖర్చు. గాలికి పోయేది కూడా కలిపితే ఇరవై నిమిషాల పైమాటే. ఈ లెక్క ఊరికే చెయ్యలేదు. గిన్నె తాగిన ఆ వేడి హీటరు ఆగాక కూడా సీసంలోకి వస్తూనే ఉంటుంది. 380 చూపించగానే స్విచ్ ఆపేసినా ముల్లు అక్కడ ఆగదు, పైకి పోతుంది. మామూలు థర్మోస్టాట్ కాకుండా పీఐడీ కంట్రోలర్ పెట్టింది అందుకే.

పీఐడీ అంటే సిగ్నల్స్ పేపర్లో వణికించే ఇంటిగ్రల్ గుర్తు తెచ్చుకోకండి. దాని పుట్టుక సముద్రం మీదే. 1922లో నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడల చుక్కాని పట్టే మనిషి ఏంచేస్తాడో గమనించి దాన్ని గణితంగా రాశాడు. మావయ్యకి నేను అలాగే చెప్పాను. బోటు దారి తప్పినంత మేరకే చుక్కాని తిప్పడం పీ. ఎంతసేపు సరిచేసినా ఒక పక్కకే లాగుతోందంటే నీటి వాలు ఉందన్నమాట, దానికోసం చుక్కానిని కొంచెం అటే పట్టి ఉంచడం ఐ. బోటు ముక్కు జోరుగా తిరిగొస్తోంటే దారిలోకి రాకముందే చుక్కాని వదలడం డీ. "ఇదా మీకు నాలుగేళ్ళు చెప్పేది అల్లుడూ?" అన్నాడు. ఆ మాట మా సార్‌కి చెప్పలేదు.

ఇంక వైరింగ్. కంట్రోలర్‌కి కళ్ళు, చేతులు రెండూ కావాలి. కళ్ళు థర్మోకపుల్, చేతులు ఎస్‌ఎస్‌ఆర్, అంటే సాలిడ్ స్టేట్ రిలే.

చెయ్యి తేలిక కాబట్టి ముందు అది చెప్పేస్తాను. కంట్రోలర్లు రెండు రకాలుగా వస్తాయి. ఒకదాంట్లో రిలే కాంటాక్టు బయటికిస్తారు, రెండోదాంట్లో ఎస్‌ఎస్‌ఆర్‌ని నడిపే చిన్న డీసీ వోల్టేజి ఇస్తారు. చాలామంది కొనే రెక్స్ సీ100 బాక్సు పైన మోడల్ నంబరు చివర్లో ఎమ్ అని ఉంటే రిలే రకం, వి అని ఉంటే ఎస్‌ఎస్‌ఆర్ రకం. బయటికి రెండూ కవల పిల్లలు. టెర్మినల్ నంబర్లు నేనిక్కడ రాయను. ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటాయి. పెట్టె పక్కన స్టిక్కర్ మీద బొమ్మ ఉంటుంది, దాన్నే నమ్మండి. ఎస్‌ఎస్‌ఆర్‌లో 3 నుంచి 32 వోల్టుల డీసీ అని రాసిన పక్క కంట్రోలర్‌కి, ప్లస్ మైనస్ చూసి. ఏసీ అని రాసిన పక్క ఫేజు వైరులో, హీటరుతో సిరీస్‌లో. 2.6 ఆంపియర్లకి 25 ఆంపియర్లది ధారాళంగా సరిపోతుంది. దాని మీద వోల్టున్నర వరకు డ్రాప్ ఉంటుంది కాబట్టి నాలుగు వాట్ల వేడి పుడుతుంది. అల్యూమినియం హీట్‌సింక్‌కి బిగించి, మధ్యలో థర్మల్ పేస్టు రాస్తే చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉంది అంటే కరెంటు తెగిపోయింది అని కాదు. ఆఫ్‌లో కూడా కొన్ని మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. హీటరు మీద చెయ్యి వెయ్యాలంటే ప్లగ్గు పీకాల్సిందే.

ఇప్పుడు కళ్ళు. రెండు వేర్వేరు లోహాల తీగల్ని కలిపి, కలిపిన చోట వేడి చేస్తే చివర్ల మధ్య వోల్టేజి పుడుతుందని 1821లో జేబెక్ కనిపెట్టిన సంగతి మనం ఇంటర్లోనే చదివాం. కె టైపులో డిగ్రీకి 41 మైక్రోవోల్టులు. సీసం కరిగే వేడి దగ్గర మొత్తం 13 మిల్లీవోల్టుల పైచిలుకు. ఇంత చిన్న వోల్టేజి కాబట్టి పొరపాటుకి చోటు పెద్దది.

మొదటిది రంగులు. అమెరికా పద్ధతిలో కె టైపుకి పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. కంట్రోలర్‌తో పాటు చవకగా వచ్చేవాటిలో చాలాసార్లు ఎరుపు ప్లస్, నీలం మైనస్! ఎరుపు ఒకచోట ప్లస్, ఇంకోచోట మైనస్. రంగు వదిలెయ్యండి, అయస్కాంతం తెచ్చుకోండి. అల్యూమెల్ తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది, అదే మైనస్. క్రోమెల్ అంటుకోదు. అయస్కాంతం లేకపోతే కొసని చేత్తో పట్టుకోండి, అంకె పెరగాలి. తగ్గిందంటే తిరగేసి కలిపారన్నమాట. తిరగేసి కలిపితే ఏమవుతుంది? పాత్ర వేడెక్కేకొద్దీ కంట్రోలర్‌కి చల్లబడుతున్నట్టు కనబడుతుంది. అది పాపం శాయశక్తులా హీటరు వేస్తూనే ఉంటుంది.

రెండోది పొడవు. తీగ చాలకపోతే మామూలు రాగి వైరు అతికించడం చాలాచోట్ల చూస్తాం. థర్మోకపుల్ తేడానే కొలుస్తుంది, మిగతాది కంట్రోలర్ తన వెనకున్న టెర్మినల్ వేడిని కలిపి చెబుతుంది. అతుకు పాత్ర పక్కన 60 డిగ్రీల్లో ఉండి, కంట్రోలర్ 35లో ఉంటే మధ్యలో 25 డిగ్రీలు ఎవరి లెక్కలోకీ రావు. తెర మీద 380, పాత్రలో 405. కె టైపు కాంపెన్సేటింగ్ కేబుల్ అనే అడగాలి, ఆ కేబుల్‌లో కూడా ప్లస్ మైనస్ చూడాలి.

మూడోది ఎక్కడ పెట్టాలి. హీటరుకి ఆనించి పెడితే బ్యాండు వేడి కొలుస్తుంది, సీసం ఇంకా గడ్డగానే ఉంటుంది. పూర్తిగా సీసం మధ్యలో పెడితే వేడి అక్కడికి చేరేసరికి ఆలస్యం, పైగా చల్లారాక సీసంలో ఇరుక్కుంటుంది. పాత్ర లోపలి గోడకి అడుగు దాకా ఒక సన్నటి ఇనుప గొట్టం, కింద మూసేసింది, వెల్డింగ్ చేయించి అందులోకి దింపాం. కొస గొట్టం అడుగుకి తగలాలి. పైన గట్టిగా బిగించాలి. ఎందుకంటే గరిటె తగిలి అది పైకి జారితే మళ్ళీ కథ అదే: కంట్రోలర్ గాలి వేడి చూస్తుంది, హీటరు ఆగదు.

థర్మోకపుల్ పూర్తిగా తెగిపోతే మాత్రం మంచి కంట్రోలర్లు అంకెని చివరిదాకా ఎగదోసి హీటరు ఆపేస్తాయి. అది ఒక్కటే మన పక్షాన ఉన్న చెడిపోవడం. తీగలు దారిలో నలిగి ఒకదానికొకటి తగిలితే, తగిలిన చోటి వేడినే చూపిస్తుంది. జారినా, తిరగబడినా, నలిగినా పాత్ర ఎర్రబడుతుంది. వీటన్నిటికీ తోడు ఎస్‌ఎస్‌ఆర్ పాడయ్యేటప్పుడు ఎక్కువగా షార్టయి పాడవుతుంది, అంటే ఎప్పటికీ ఆన్. కంట్రోలర్ ఎంత తెలివైనదైనా చెయ్యి మొద్దుబారిపోతే ఏంచేస్తుంది?

అందుకని రెండో కాపలా కావాలి. ఇది మొదటిదాంతో ఏదీ పంచుకోకూడదు. మేం పెట్టింది ఒక చవకరకం ఆన్ ఆఫ్ కంట్రోలరు, దానికి దాని సొంత థర్మోకపుల్, 430 దగ్గర సెట్ చేశాం. దాని రిలే కాంటాక్టు గుండా ఒక కాంటాక్టర్ కాయిల్‌కి సప్లై వెళ్తుంది. హీటరుకి పోయే ఫేజు, న్యూట్రల్ రెండూ ఆ కాంటాక్టర్‌లోంచే పోతాయి. 430 దాటితే కాయిల్ పడిపోతుంది, ఎస్‌ఎస్‌ఆర్ షార్టయినా సరే హీటరు ఆగిపోతుంది. ఈ రెండోదాని థర్మోకపుల్ తెగితే కూడా కాంటాక్టర్ పడిపోవాలి. ఒక తీగ ఊడదీసి చూసి మరీ నిర్ధారించుకోండి.

సెకండియర్ మెషిన్స్ ల్యాబ్‌లో డీఓఎల్ స్టార్టర్ వైరింగ్ చేశారు కదా, దాన్నే ఇక్కడ దింపెయ్యండి. ఆకుపచ్చ స్టార్టు బటన్, ఎర్ర స్టాపు బటన్, స్టార్టుకి ప్యారలల్‌గా కాంటాక్టర్ హోల్డింగ్ కాంటాక్టు. పల్లెల్లో దీని విలువ కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. సగం కరిగాక కరెంటు పోయింది, మావయ్య చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు, రాత్రి పదింటికి కరెంటొచ్చింది. హోల్డింగ్ లేకపోతే పాత్ర తనంతట తను మొదలవుతుంది, పక్కన ఎవరూ ఉండరు. ఉంటే, ఎవరో వచ్చి ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా ఏదీ కదలదు.

మిగతావి క్లుప్తంగా. ముందు 6 ఆంపియర్ల ఎంసీబీ, తరవాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పాత్రకి, హీటరు కవరుకి, పెట్టెకి, హీట్‌సింక్‌కి ఎర్తు. మూడో పిన్నుకి గోడలో నిజంగా ఎర్తు ఉందో లేదో చూడాలి, చాలా ఇళ్ళల్లో రంధ్రం ఉంటుంది, వైరు ఉండదు. హీటరు దగ్గర మామూలు పీవీసీ వైరు కరిగిపోతుంది కాబట్టి ఒక అడుగు వరకు ఫైబర్‌గ్లాస్ వైరు, అతుకులు పింగాణీ కనెక్టర్‌లో.

ఉప్పాడకి ప్రత్యేకమైన శత్రువు ఇంకోటుంది, ఉప్పుగాలి. మేడ మీద బట్టలారేసే జీఐ తీగే రెండేళ్ళకి పొడైపోయే చోట రాగి కొస పచ్చబడకుండా ఎలా ఉంటుంది? టిన్ పూత ఉన్న లగ్గులు క్రింప్ చేశాం. పెట్టె ప్లాస్టిక్‌ది, గ్లాండ్లు కిందివైపు. కొన్నాళ్ళు వాడకపోతే హీటరు లోపలి ఇన్సులేషన్ తేమ పీల్చుకుంటుంది, స్విచ్ వెయ్యగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అప్పుడు "ఇది ఊరికే ట్రిప్పవుతోంది" అని దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపేవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు. ఊరికే పడట్లేదు, పని చేస్తోంది. హీటరు విప్పి బాగా ఎండబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక మెగాఓము దాటిందని చూసి అప్పుడు బిగించాలి.

అన్నీ అయ్యాక తెర మీద అంకె నిజమా కాదా ఎలా తెలియాలి? నాకు ఇందులో బాగా నచ్చిన భాగం ఇదే. దీనికి ఖరీదైన కాలిబ్రేటర్ అక్కర్లేదు. థర్మోకపుల్‌ని ముందు మరుగుతున్న నీళ్ళలో ముంచండి. హైదరాబాదులో అయితే ఎత్తు వల్ల 98 డిగ్రీల చిల్లరకే నీళ్ళు మరుగుతాయి. ఉప్పాడలో సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి 100. తరవాత దాన్ని తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, ల్యాబ్ సోల్డర్ కొంచెం కరిగించి చల్లారనివ్వండి. 63/37 రకం సోల్డర్ 183 దగ్గర గడ్డకడుతుంది. చివరికి సీసమే సాక్షి. కరిగిన సీసం పాత్రకి కరెంటు ఆపి అంకె చూస్తూ కూర్చోండి. 350, 340, 330 అని దిగుతూ దిగుతూ 327 దగ్గర నిలబడిపోతుంది. ద్రవం గడ్డకడుతూ దాచుకున్న గుప్తోష్ణం వదులుతోంది కాబట్టి కాసేపు కదలదు. తరవాత మళ్ళీ దిగుతుంది. ఆ మెట్టు 335 దగ్గర కనబడిందంటే మీ కంట్రోలర్ 8 డిగ్రీలు ఎక్కువ చెబుతోందని అర్థం, సెట్టింగ్స్‌లో ఆ తేడా సరిచేసుకోవచ్చు. ఈ పరీక్షకి స్వచ్ఛమైన సీసం కావాలి. పాత గుళ్ళలో తగరమో ఆంటిమొనీయో కలిసి ఉంటే మెట్టు కిందికి దిగుతుంది, చదునుగా ఉండక ఏటవాలవుతుంది. మేం పరీక్షకి కొత్త సీసం తెచ్చాం, 329 దగ్గర ఆగింది.

తరవాత ఆటోట్యూన్. పాత్రలో రోజూ వేసేంత సీసం వేసి, అది కరిగాకే నొక్కాలి. ఖాళీ పాత్రతో ట్యూన్ చేస్తే ఖాళీ పాత్రకే పనికొస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్ కాబట్టి సైకిల్ టైము 2 సెకండ్లు. రిలే రకమైతే 20 పెట్టాలి, లేకపోతే టకటకమని కొట్టుకుని కాంటాక్టులు కాలిపోతాయి. అలారం 400కి.

ఏ కంట్రోలరూ చూసుకోలేనివి కొన్ని ఉన్నాయి. కరిగిన సీసంలోకి తడి గుండు వేస్తే నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. వల నుంచి కోసిన గుళ్ళు పైకి ఎండినట్టే కనబడతాయి, తాడు దూరే బెజ్జంలో ఉప్పు, తడి ఉంటాయి. అందుకే గుళ్ళన్నీ చల్లటి పాత్రలోనే వేసి, అప్పుడు స్విచ్ వెయ్యాలి. మధ్యలో కలపాలంటే పాత్ర మూత మీద పెట్టి కాచాకే. అచ్చు కూడా వేడిచేసి ఆరబెట్టాలి. పాత బ్యాటరీ ప్లేట్లు ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. వాటిలో యాసిడ్, ఆంటిమొనీ, ఆర్సెనిక్ ఉంటాయి, విషవాయువు పుట్టొచ్చు. తెట్టు మూత ఉన్న డబ్బాలోకి, పెరట్లో మట్టిలోకి కాదు. గాలి వీపు వైపు నుంచి రావాలి. బీడీ, టీ పక్కన ఉండకూడదు. ఈ చివరి మాటకి మావయ్య ఒప్పుకోవడానికి పీఐడీ ట్యూనింగ్ కంటే ఎక్కువ టైము పట్టింది.

ఇప్పుడు పాత్ర పెరటి చివర రేకు కింద ఉంది. సెట్టింగులు లాక్ చేసేశాం, బటన్లు రెండే బయటికి కనబడతాయి. వేటకి వెళ్ళినప్పుడు అత్తే గుళ్ళు పోస్తోంది. పిల్లల్ని అటు రానివ్వకుండా పాత వలే అడ్డం కట్టింది. వైరింగ్ బొమ్మ లామినేట్ చేసి పెట్టె మూత లోపలివైపు అతికించాను, రేపు ఊళ్ళో ఎలక్ట్రీషియన్ తెరిచినా అర్థమయ్యేలా వైర్లకి నంబర్లు తెలుగులోనే రాశాను. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు స్క్రూలు బిగించి, మెగ్గర్ పట్టి, మరిగే నీళ్ళ పరీక్ష మళ్ళీ చెయ్యాలి.